కాంపౌండరు బిడ్డ వీపు మీద ఎర్ర గడ్డ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికకు సాక్ష్యం రాయమని పాస్టరు అయ్యగారు నన్ను మూడేళ్ళుగా అడుగుతున్నారు, నేను మూడేళ్ళుగా తప్పించుకుంటున్నాను, ఎందుకంటే ఇతరుల సాక్ష్యాల్లో తాగుబోతు మారతాడు, జూదగాడు మారతాడు, చదివినవాళ్ళకు కన్నీళ్ళు వస్తాయి, నా సాక్ష్యం చెబితే మాత్రం మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అని ఈసారి కలం పట్టాను. దేవుడు నా బిడ్డను కాపాడాడు, ఆ పని చేస్తూ చేస్తూ నన్ను కూడా ఒక చెడ్డ రోగం నుంచి విడిపించాడు. బిడ్డ రోగం వీపు మీద ఉండేది, అందరికీ కనబడేది. నా రోగం తలలో ఉండేది, నాకు తప్ప అందరికీ కనబడేది.

నేను పెనుకొండలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో కాంపౌండరును. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు, మిగతా రోజులు మందుల బీరువా తాళాలు నా నడుముకే వేలాడేవి. పెద్ద జాడీల్లో మూడు మిక్చర్లు కలిపి పెట్టేవాణ్ణి, జ్వరానికి ఎర్రది, కడుపుకు తెల్లది, దగ్గుకు గోధుమరంగుది. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటే పోసి, మోతాదు తెలియడానికి కాగితాన్ని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకు అంటించి, మూడు పూటలా అన్నం తిన్నాక తాగమని చెప్పేవాణ్ణి. జనం నన్ను డాక్టరప్పా అని పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, తరువాత చెప్పడం మానేశాను, ఆ తరువాత ఎవరైనా కాంపౌండరు అంటే కోపం వచ్చే స్థితికి చేరాను. ప్రార్థనలోనూ అదే తీరు. "ప్రభువా, ఫలానా అమ్మకు జ్వరం, రేపు పొద్దుటికి తగ్గించు, మళ్ళీ రాకుండా చూడు" అని మోతాదుతో సహా చెప్పేవాణ్ణి. చీటీ నేను రాసి, మందు మాత్రం దేవుణ్ణి కలపమన్నట్టు ఉండేది నా భక్తి.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నా భార్య సుగుణమ్మ కడుపు పండింది. సుగుణమ్మ పుట్టిల్లు ధర్మవరం, వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని మా అత్త దానమ్మ పట్టుబట్టింది, డాక్టరు ఇంట్లో ఉండగా మగ్గం గుంత పక్కన కాన్పు ఏమిటని నేను పంపలేదు. అక్కడ డాక్టరంటే నేనేనని మీకు అర్థమై ఉంటుంది. మా అత్త ఆ మాట మనసులో పెట్టుకుని, కాన్పుకు వచ్చి, నెల రోజులు చాకిరీ చేసి, నాతో పది మాటలు కూడా మాట్లాడకుండా రైలెక్కి వెళ్ళిపోయింది.

బిడ్డకు రూతమ్మ అని పేరు పెట్టుకున్నాం. పుట్టినప్పుడు నడుము దగ్గర, సరిగ్గా వెన్నెముక మీద, చీమ కుట్టినంత మచ్చ ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. అత్త వెళ్ళిన వారానికి అది ఎర్రబడి లేచింది, కొద్ది రోజుల్లో రేగుపండంత అయింది, రెండో నెల నిండేసరికి నిమ్మకాయంత అయింది. వేలితో నొక్కితే తెల్లబడి అణిగేది, వేలు తీయగానే మళ్ళీ రక్తం నిండినట్టు ఎర్రగా పొంగేది. బిడ్డ ఏడిస్తే కందిపోయి నల్లబడేది. సహోదరులారా, ఆ బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలంటే కింద మెత్తటి గుడ్డ నాలుగు మడతలు వేసేవాళ్ళం.

నేనేం చేశానంటారా, వైద్యం చేశాను. మూడు రోజులు టింక్చరు అయోడిన్ పూశాను, మూడు రోజులు బోరిక్ పొడి వేసిన వేడినీళ్ళ కాపడం పెట్టాను, మూడు రోజులు గ్లిజరిన్ పట్టీ వేశాను, ఏదీ పని చేయకపోతే చివరికి పుండ్లకు పూసే ఊదారంగు మందు పూశాను. దానితో గడ్డ తగ్గలేదు కానీ అది ఎంత ఉందో కనబడకుండా పోయింది, అదే పెద్ద మేలనిపించింది. తగ్గుతోంది, తగ్గుతోంది అని సుగుణమ్మతో రోజూ చెప్పేవాణ్ణి. సుగుణమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్రతి ఆదివారం ఒక పట్టు పోగు తెచ్చి గడ్డ చుట్టూ పెట్టి, అంచు వచ్చిన చోట ముడి వేసి, దాచిపెట్టేది. నేను నోటితో తగ్గిస్తున్నది ఆమె పోగులో వారం వారం పెరుగుతూ వచ్చింది.

ఇక లాభం లేదని ధర్మవరానికి కార్డు రాశాను. బిడ్డ వీపు మీద ఎర్ర గడ్డ, నెలగా ఉంది, ఒకసారి రాగలరు అని రాశాను. మన సీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ కదా. కార్డు చదివినవాళ్ళు ఎలా చదివారో, మా అత్త ఎలా విన్నదో, మరునాడే రైలు దిగి వచ్చి, గడప లోపలికి కాలు పెట్టక ముందే నన్ను నిలదీసింది.

"ఏమప్పా, పసిబిడ్డ వీపు మీద నెల దినాలుగా ఎర్రగడ్డ పెట్టినావా? మంట పుట్టదా బిడ్డకు? నువ్వు సదివిన సదువులో ఇదే సెప్పినారా?"

నేను విడమరచి చెప్పేలోపల ఆమె బిడ్డను బోర్లా తిప్పి చూసింది. చూసి అలాగే నేల మీద కూలబడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇద్దరు డాక్టర్లు. పొద్దున నేను ఊదారంగు పూస్తే, నేను ఆసుపత్రిలోకి పోగానే ఆమె దాన్ని తుడిచి, పసుపు పట్టించి, ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టేది. నేను వచ్చి ఆకు విప్పి ఇదంతా మూఢనమ్మకమని ఉపన్యాసం చెప్పేవాణ్ణి. నీ రంగునీళ్ళకంటే నా ఆకు నయమని ఆమె అనేది. ఆ పసిబిడ్డ వీపు హోళీ ఆడినట్టు తయారైంది. నా మాట నెగ్గాలన్న పంతంలో నాకు ఒక ఆలోచన వచ్చింది, అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గడ్డ మొదలు చుట్టూ గట్టిగా పట్టు దారం బిగించి కడితే రక్తం అందక ఎండి రాలిపోతుందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. దారం నీళ్ళలో మరగబెట్టాను, స్పిరిటు తెచ్చాను, చేతులు కడుక్కున్నాను, బిడ్డను ఇవ్వమన్నాను.

సుగుణమ్మ బిడ్డను భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"నువ్వు డాక్టరువి కాదు," అంది. "హిందూపురం పోదాం పద."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి నా భార్యే. ఆ క్షణంలో కోపం వచ్చింది. ఈ రోజు ఆ మాట కోసం దేవుణ్ణి స్తుతిస్తున్నాను, ఎందుకంటే ఆ దారం బిగించి ఉంటే రక్తం ఆపడం నా వల్ల అయ్యేది కాదు.

హిందూపురంలో ఒక ఆడ డాక్టరు ఉండేది, మైసూరు వైపు మనిషి, ఆమె తెలుగులో సగం కన్నడం. బిడ్డ గుడ్డ విప్పి, ఊదా, పసుపు, ఎరుపు కలిసిన ఆ వీపు చూసి, ఇది ఎవరి పని అని అడిగింది. నేను మా అత్తను చూపించాను, మా అత్త నన్ను చూపించింది, సుగుణమ్మ ఇద్దరినీ చూపించింది. డాక్టరమ్మ గోరువెచ్చని నీళ్ళతో అంతా కడిగించి, గడ్డ నొక్కి చూసి, రెండు కాళ్ళూ పైకెత్తి వదిలి చూసి, అరికాళ్ళు గీకి చూసి, ఎక్స్‌రే తీయించి, మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఇది చెడ్డ పుండు కాదు, క్యాన్సరు కాదు, సన్నని రక్తనాళాలు ముద్దగా పెరిగిన గడ్డ. కొందరు పిల్లలకు వస్తుంది, ఎవరి తప్పూ లేదు. ఏడాది వయసు వచ్చేదాకా పెరుగుతుంది, తరువాత దానంతట అదే కొన్నేళ్ళలో కరిగిపోతుంది. కోయకూడదు, కాల్చకూడదు, కట్టకూడదు. ఒక్క భయం ఏమంటే ఇది వెన్నెముక మీద ఉంది, లోపలికి కూడా ఇంత పెరిగి ఉంటే నరాలను నొక్కవచ్చు. కాళ్ళు రెండూ సమానంగా ఆడుతున్నాయా, మూత్రం సరిగా పోస్తోందా, ఈ రెండూ చూస్తూ ఉండండి, తేడా వస్తే ఆ క్షణమే తీసుకురండి అంది.

అంతా విని, మందు ఏమిటని అడిగాను. ఆమె చీటీ మీద బిడ్డ పేరు, వయసు రాసి, కింద నెలకొకసారి తీసుకురావాలని రాసి ఇచ్చింది. నేను చీటీ తిరగేసి చూశాను. ఎన్ని వందల చీట్లు చదివానో, ఎంత గజిబిజి రాతనైనా చదివేవాణ్ణి, ఆ చీటీ మాత్రం నాకు అర్థం కాలేదు. దానిలో ఒక్క మందూ లేదు. కనీసం పైపూతకు ఏమైనా రాయమ్మా, నేను కూడా వైద్యం తెలిసినవాణ్ణే అన్నాను.

"తెలిసినవారైతే సుమ్నె ఉండండి," అంది ఆమె. సుమ్నె అంటే ఊరకే అని మన వైపు అందరికీ తెలుసు. "ఏమీ చేయకుండా ఉండేది అన్నిటికంటే కష్టమైన వైద్యం, కాంపౌండరుగారూ."

మా అత్తకు హిందూపురం నుంచి పెనుకొండ దాకా రైల్లో ఎంత సంతోషమో చెప్పలేను. కాంపౌండరుగారూ అని డాక్టరమ్మ పిలిచిన పిలుపును పక్కన కూర్చున్నవాళ్ళకు రెండుసార్లు వినిపించింది.

ఊరకే ఉండమన్నారు కానీ నాకు ఊరకే ఉండడం చేతనవుతుందా సహోదరులారా? కాళ్ళు చూస్తూ ఉండమంది కదా అని నేనొక ఉపాయం చేశాను. మా ఇల్లు ఆసుపత్రి వెనకే, మధ్యలో ఒక కిటికీ. బిడ్డ ఎడమ కాలికి ఇత్తడి గజ్జె ఒకటి, కుడి కాలికి సన్నని వెండి మువ్వలు కట్టాను. మిక్చరు పోస్తూనే చెవి అటు వేసి, రెండు శబ్దాలూ వినిపిస్తే స్తోత్రం అనుకునేవాణ్ణి. ఒక పూట ఎంతసేపు విన్నా మువ్వలే వినిపించాయి, గజ్జె లేదు. ఒక పెద్దాయన సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆయనను అలాగే వదిలేసి, ఇంట్లోకి దూకి, గుడ్డతో సహా బిడ్డను ఎత్తుకుని, జట్కా ఎక్కి స్టేషనుకు పోయి, కదులుతున్న రైలెక్కాను. వెనక నుంచి మా అత్త ఏదో కేక వేస్తూనే ఉంది. రైల్లో కూర్చున్నాక చూసుకుంటే నా చేతిలో మందు కొలిచే గాజు గ్లాసు ఉంది. హిందూపురంలో డాక్టరమ్మ గుడ్డ విప్పి, రెండు కాళ్ళూ బాగానే ఆడుతున్నాయే అంది. ఎడమ కాలికి గజ్జె లేదు. గంటకు సుగుణమ్మ, మా అత్త బస్సులో వచ్చారు, గజ్జె మా అత్త గుప్పిట్లో ఉంది.

"నిద్రపోనీకుండా గోల సేస్తా ఉండాదని నేనే తీసినా," అంది. "సెప్తామంటే నిలబడినావా నువ్వు?"

అప్పటికి నవ్వుకున్నాం. నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

రూతమ్మకు అయిదో నెల. మధ్యాహ్నం పూట గజ్జె మోగుతోంది, మువ్వలు మోగడం లేదు. నేను ఈసారి పరుగెత్తలేదు. మెల్లగా లోపలికి వెళ్ళి మొదట అత్త చేతుల వైపు చూశాను. ఆమె బియ్యం ఏరుతోంది. మువ్వలు బిడ్డ కాలికే ఉన్నాయి. వేలితో కదిపితే మోగాయి. అరికాలు గీకాను, ఎడమ కాలు తన్నింది, కుడికాలు అలాగే పడి ఉంది. మళ్ళీ గీకాను. బిడ్డ నా ముఖం చూసి నవ్వింది, కాలు మాత్రం కదలలేదు. బిడ్డను అలాగే ఎత్తుకుని సుగుణమ్మ దగ్గరికి నడిచాను.

డాక్టరమ్మ ఆ రోజు ఏమీ తేలికగా మాట్లాడలేదు. గడ్డ లోపల నరాన్ని నొక్కుతోందని చెప్పి, మమ్మల్ని హిందూపురంలోనే ఉంచుకుని, దూరాన ఉన్న పెద్దాసుపత్రికి తంతి పంపింది. జవాబు వచ్చింది. కొన్ని రోజులు చూడండి, రెండో కాలు కూడా పడిపోయినా, మూత్రం ఆగినా వెంటనే తీసుకురండి, వెన్ను తెరవాలి, ఇంత చిన్న బిడ్డకు, ఇంత రక్తం ఉన్న గడ్డకు, బతుకుతుందని మాట ఇవ్వలేం అని దాని సారాంశం. డాక్టరమ్మ దాన్ని మాకు దాచకుండా చెప్పింది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో నాడు తెల్లవారుజాము నుంచి బిడ్డ మూత్రం పోయలేదు. పొత్తికడుపు ఉబ్బి గట్టిపడింది. మధ్యాహ్నం రైలుకు బయలుదేరడానికి సిద్ధంగా ఉండమని డాక్టరమ్మ చెప్పి, కాగితాలు రాయడానికి వెళ్ళింది. అదే వేళకు పెనుకొండ నుంచి మన అయ్యగారు వచ్చారు. అయ్యగారు ఎప్పుడూ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కడతారని, ఆయన ప్రార్థన రైలు కంటే పొడవని మీకు తెలుసు. ముందు తండ్రివి నువ్వు ప్రార్థించు అన్నారు.

నేను మోకరించాను. అలవాటు చొప్పున, ప్రభువా, మొదట ఇది చేయి, తరువాత అది చేయి అని చెప్పబోయాను. మొదట ఏం చేయాలి? గడ్డ ఆగాలా, కాలు కదలాలా, రైలెక్కాలా, ఎక్కకూడదా? జీవితంలో మొదటిసారి నా దగ్గర చెప్పడానికి ఏ మందూ లేదు. ఇంత మాత్రం అన్నాను.

"ప్రభువా, నాకేమీ తెలియదు. నేను డాక్టరును కాను. ఈ బిడ్డకు దారం కట్టబోయినవాణ్ణి నేను, నన్ను క్షమించు. ఏం చేయాలో నీకు చెప్పే తెలివి నాకు లేదు. బిడ్డ నీది."

నా వెనక మా అత్త వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాతో పంతం పట్టి ఆకులు కట్టినందుకు ఆమె కూడా క్షమించమని అడుగుతోంది. సుగుణమ్మ బిడ్డను అయ్యగారి చేతుల్లో పెట్టింది. అయ్యగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు, ఆకాశాన్ని భూమిని చేసినవాడా అని మొదలుపెట్టి, నెమ్మదిగా మా జిల్లా దాకా వచ్చి, మా ఊరి దాకా వచ్చి, మా ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. ఆగి, గొంతు మారి, "ఆమెన్" అన్నారు. ఆయన ప్రార్థన అంత తొందరగా ముగియడం అంతకు ముందూ లేదు, తరువాతా లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన పంచె నడుము నుంచి మోకాలి దాకా తడిసిపోయి ఉంది, రూతమ్మ హాయిగా ఇంకా పోస్తూనే ఉంది.

సుగుణమ్మ పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఎంత పోసింది, సరిగా చెప్పండి అని ఆమె అడిగింది. కొలత గ్లాసు పట్టుకుని రైలెక్కిన నేను ఆ రోజు ఖాళీ చేతులతో ఉన్నాను. అయ్యగారు పంచె రెండు చేతులతో పట్టి చూపించారు. డాక్టరమ్మ తడి ఎంతవరకు ఉందో వంగి చూసి, బిడ్డ పొత్తికడుపు మెత్తబడిందని చేత్తో చూసి, చాలు, ఈ రోజు రైలు వద్దు అంది. దేవునికే మహిమ! ఆ పంచె ఉతకవద్దని మా అత్త అయ్యగారిని బతిమాలింది, ఆయన ఒప్పుకోలేదు.

సహోదరులారా, ఆ గంటలోనే కాలు లేచి ఆడిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ అలా జరగలేదు, జరగనిది నేను రాయను. రెండు రోజులకు కుడికాలి బొటనవేలు కదిలింది. వారానికి పాదం కదిలింది. డాక్టరమ్మ నేర్పినట్టు సుగుణమ్మ రోజూ ఆ కాలిని మడిచి చాపి చేయించేది, పూర్తిగా బలం రావడానికి మూడు నెలలు పట్టింది. గడ్డ ఇంకా పెరిగింది కూడా. పదో నెలలో ఒక ఆదివారం సుగుణమ్మ పోగు పెట్టి చూస్తే ముడి కిందటి వారం చోటనే ఉంది. మరుసటి వారం కూడా అక్కడే ఉంది. ఆ తరువాత ఒక ఆదివారం ఆమె పోగు తెచ్చి నా చేతిలో పెట్టింది, ముడి లోపలికి వచ్చింది. గడ్డ నడుమ బూడిదరంగు తిరిగింది, ఏడాది ఏడాదికి వాడి, ఇప్పుడు అక్కడ కొంచెం వదులైన చర్మం మాత్రమే ఉంది. లోపల నరాన్ని నొక్కింది ఎందుకు తగ్గిందని నేను అడిగితే, ఇంత తొందరగా తగ్గుతుందని తను కూడా అనుకోలేదని డాక్టరమ్మ ఒప్పుకుంది.

హిందూపురంలో మేము పన్నెండు రోజులు ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు, నేను లేక పెనుకొండ ఏమైపోయిందోనని దిగులు పడ్డాను. ఒక్కరూ చావలేదు. పైగా ఒకామె దగ్గు నా మిక్చరు మానేశాక తగ్గిందని చెప్పింది. ఆ రోజు నుంచి ఎవరైనా డాక్టరప్పా అంటే, కాంపౌండరును అమ్మా, ఇది నాకు తెలిసే రోగం కాదు, డాక్టరు వచ్చే రోజు రా అని చెప్పడం నేర్చుకున్నాను. మొదటి పదిసార్లు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది, ఇప్పుడు హాయిగా ఉంది.

రూతమ్మ ఇప్పుడు బడికి పోతోంది. మొన్న బడిలో పరుగు పందెం పెడితే రెండో స్థానం వచ్చింది. మొదటిది రాలేదని అలిగి, ఇంటికి వచ్చి అన్నం తిననని మూల కూర్చుంది. బుజ్జగించాల్సిన నేనూ సుగుణమ్మా వంటింట్లోకి పోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాం, కళ్ళు తుడుచుకున్నాం, మళ్ళీ నవ్వాం. రెండో స్థానం వచ్చినందుకు ఆ వేళ మా వంటింట్లో జరిగినంత స్తుతి ఆరాధన ఏ గుడిలోనూ జరిగి ఉండదు.

ఇది చదువుతున్న తల్లీ, తండ్రీ, మీ బిడ్డ ఒంటి మీద ఏదైనా చూసి మీ గుండె జారిపోయి ఉంటే, ముందు తెలిసిన డాక్టరు దగ్గరికి పోండి, నా దగ్గరికి రావద్దు. పోయి వచ్చాక మోకరించి, ప్రభువా నాకేమీ తెలియదు అని చెప్పి చూడండి. ఆ మాట చెప్పడానికి సిగ్గు పడవద్దు. తెలియదని ఒప్పుకున్నందుకు ఆయన నన్ను ఒక్కనాడూ ఎగతాళి చేయలేదు. ఆ పని పదేళ్ళుగా మా అత్త చేస్తోంది, ఆమెను కూడా నాకు ఇచ్చినందుకు దేవునికే మహిమ కలుగును గాక. ఆమెన్.